వదులమ్మ తల్లికి ఒడ్డాణం లేని కథ

వదులమ్మ కొండ మీద గుడి లేదు, గోపురం లేదు. ఉన్నది ఒక ముసలి మామిడి మాను. తల్లి ఆ మానే. నడుమెత్తున మాను చుట్టూ బెత్తెడు వెడల్పు పాత గాయం కనిపిస్తుంది. ఆ గాయాన్ని దాటుతూ మణికట్టు లావు కొమ్మలు కింది బెరడుకూ పై బెరడుకూ నిలువునా అతుక్కొని ఉంటాయి. ఇతర క్షేత్రాలలో చెట్టుకు ముడుపు కట్టడం ఆచారం. ఇక్కడ నూలుపోగైనా కట్టరాదు. తెలియక కట్టబోయిన వారిని పూజారి కన్నా ముందు పక్కనున్న భక్తులే కసురుతారు. ఆడవారు ఒడ్డాణం, మగవారు బెల్టు వదులు చేసుకొని మరీ మెట్లెక్కుతారు.

పూర్వం ఇక్కడ ఒక పాలెగాని కోట ఉండేది. అప్పట్లో తల్లిని కొండమ్మ అనేవారు. పాలెగాని భార్య చెన్నాంబకు పుట్టిన బిడ్డలందరూ పురిట్లోనే పోయారు. చివరకు వెంగమ పుట్టినప్పుడు, "ఈ బిడ్డ నడిచి నీ ముందుకొస్తే వెండి ఒడ్డాణం పెడతా తల్లీ" అని మొక్కుకుంది. బిడ్డ నడిచింది. ఒడ్డాణం జారకుండా నిలవాలని మాను చుట్టూ బెరడు ఒలిపించి, కర్ర కనబడేదాకా గాడి తీయించి బిగించారు. భక్తి ముందు పరుగెత్తితే బుద్ధి కాస్త వెనకబడుతుంది.

ఆ ఏడు చెట్టు విరగకాసింది. కాయలు ఎన్నడూ లేనంత తీపి. ఒడ్డాణానికి పైన మాను ఉబ్బితే, తల్లి ఒళ్లు చేసిందని జనం మురిసిపోయి తండోపతండాలుగా వచ్చారు. మరుసటి ఏడు పూత లేదు, చిగురు లేదు. గాలివానకు మట్టి కొట్టుకుపోయిన చోట బయటపడిన సన్నవేళ్లు చెన్నాంబ ముట్టుకోగానే పుటుక్కున విరిగాయి. మొక్కిన చెట్టే ఎండితే, మొక్కుకు దక్కిన బిడ్డ నిలుస్తుందా?

ఒడ్డాణం తీద్దామా అని పూజారి గురవప్పను అడిగింది.

"ఇచ్చిన సొమ్ము మళ్లా ముట్టుకోగూడదమ్మా. తల్లికి కోపమొస్తే బిడ్డకే కీడు. నీళ్లు పోయించు" అన్నాడాయన.

కొండ కింది సన్నేటి రేవు ఆడవాళ్లచేత, పైనుండి కూడు పంపే మాట మీద, కుండలతో ఏటి నీళ్లు మోయించింది. పోసినకొద్దీ చెట్టు వాడిందే గాని తేరుకోలేదు.

ఒక మధ్యాహ్నం ఆ నీడనే ఆమెకు కునుకు పట్టింది. కలలో తల్లి కనిపించింది. చెక్కిళ్లు నిండుగా ఉన్నాయి, కాళ్లు మాత్రం పుల్లల్లా ఉన్నాయి. "పైన వండిన అన్నం నడుము దాటి దిగడం లేదే చెన్నీ. నా కాళ్లు పస్తులున్నాయి" అంది. మెలకువ వచ్చేసరికి నీళ్లు మోసే పోలక్క ఎదురుగా కుండ దించి కూలబడి ఉంది.

"ఏమైంది పోలక్కా?"

"మా నీళ్లు పైకి వస్తానే ఉండాయి గానీ, మీ కూడు కిందికి దిగలేదమ్మా. ఒడ్డాణం చూడను వచ్చినోళ్లకే సరిపోయిందంట. రేవులో ఆడోళ్లంతా పస్తే. ఇంక నీళ్లెట్ల వస్తాయి?"

చెన్నాంబకు కల అర్థమైంది. వేళ్లు తోడిన నీరు కర్ర గుండా ఆకులకు ఎక్కుతుంది. ఎండలో ఆకులు వండిన ఆహారం బెరడు లోపలి పచ్చిపొర గుండా వేళ్లకు దిగుతుంది. ఆ పొరనే తాను మొక్కు పేర ఒలిపించింది. ముందు రేవుకు అన్నం పంపించింది. తరువాత గురవప్ప వద్దని మొత్తుకుంటున్నా వినక, వెంగమను చంకనేసుకొని చెట్టు ముందు నిలబడింది. "కోపమొస్తే నన్ను తీసుకుపో తల్లీ, బిడ్డను ముట్టుకోవద్దు" అని ఏడుస్తూ ఒడ్డాణం విప్పింది.

మామిడి అంట్లు కట్టే తోటవారు వచ్చారు. ఆ చెట్టువే సన్నని రెమ్మలు కోసి, మొదలు కిందికి, చివర పైకి ఉండేలా నిలిపి, గాయం మీద వంతెనల్లా అటూ ఇటూ బెరడులోకి దూర్చారు. బంకమట్టి మెత్తి, చెన్నాంబ చీర చెంగు చింపి చుట్టారు. పోలక్క ఒక కొన పట్టుకుంది, చెన్నాంబ ఒక కొన పట్టుకుంది. వానలు పడేసరికి రెమ్మలు పచ్చబడ్డాయి. ముందు లేతవేరు పుట్టింది, ఆ వెనుక చిగురు వేసింది. వెంగమకు జ్వరమైనా రాలేదు. నాటినుండి కొండమ్మ వదులమ్మ అయింది.

ఇచ్చిన సొమ్మును చెన్నాంబ ఇంటికి తీసుకుపోలేదు. ఒడ్డాణం కరిగించి అన్నం గరిటె చేయించింది.

నేడు కొండ మీదికి మోటారు పైపు వచ్చింది. అయినా చైత్ర తిరునాళ్ల నాడు నీరు బిందెలతోనే ఎక్కుతుంది. ఆ వెండి గరిటెతో తీసిన తొలి అన్నం సన్నేటి రేవుకు దిగుతుంది. పిల్లలు నిలవని తల్లులు ఆ బంతిలో వడ్డిస్తే వదులమ్మ కరుణిస్తుందని నమ్మకం. ఎంత పెద్దవారు వచ్చినా పైన విస్తరి ముందు కూర్చొని ఆగవలసిందే. కొందరు ఆకలికి విసుక్కుంటారు; విసుక్కోనివ్వండి. కింది నుండి "అమ్మా, మా కడుపు నిండింది!" అని కేక వినబడిన తరువాతనే పైన మొదటి ముద్ద కలుపుతారు.