తెప్పలరేవు గుంజమ్మ తల్లి వెలసిన వైనం

తెప్పలరేవులో బస్సు దిగిన భక్తులు గుడి ఎక్కడని అడుగుతారు. గోపురం కనబడదు, ధ్వజస్తంభమూ కనబడదు. సరుగుడు తోట దాటి ఇసుకలోకి రాగానే సముద్రంలోకి చాలా దూరం చొచ్చుకుపోయిన చెక్క పలకల వంతెన ఒకటి కనిపిస్తుంది. ఊళ్లో దానిని జెట్టీ అంటారు. చెప్పులు ఒడ్డునే విడిచి ఆ పలకల మీదుగా చివరిదాకా నడిస్తే, నడుమెత్తు ఇనుప గుంజ ఒకటి ఎదురవుతుంది. ఒళ్లంతా పసుపు, ముందు వైపున పెద్ద కుంకుమ బొట్టు. ఆమే గుంజమ్మ తల్లి. పైకప్పు లేదు, తలుపులు లేవు, దర్శనానికి వేళలూ లేవు. పోటు ఎక్కువగా ఉన్నప్పుడు మాత్రం పిల్లల చేతులు పట్టుకొని నడవవలసిందిగా మనవి.

తల్లి స్వయంభువని దారిలో కొబ్బరికాయలు అమ్మేవారు చెబుతారు. వారి బేరం వారిది, కాదనను. అయితే ఆ గుంజ అడుగున తడిమి చూస్తే పోతపోసిన ఇంగ్లీషు అక్షరాలు ఇప్పటికీ వేలికి తగులుతాయి. ఎక్కడో తెల్లవారి సీమలో కొలిమిలో పుట్టి, ఓడెక్కి వచ్చిన తల్లి ఆమె. అంతమాత్రాన మహిమకు లోటు వచ్చిందని ఎవరూ బెంగపడనక్కరలేదు.

పూర్వం ఇక్కడ ఏ మునీ తపస్సు చేయలేదు. ఇక్కడ పొగ ఓడలు ఆగేవి. బర్మాలోని రంగం వెళ్లే ఓడ నెలకు రెండుసార్లు వచ్చేది. దాని కూత వినబడగానే ఊరంతా ఒడ్డున ఉండేది. మగవారు గోనె బస్తాలు మోసేవారు, ఆడవారు ఉప్పు గంపలు మోసేవారు. సోడాకొట్టువాడు ఆ రెండు రోజుల అమ్మకంతోనే నెల వెళ్లదీసేవాడు. తిరిగి వచ్చేవారి పెట్టెల్లోంచి పట్టు గుడ్డల వాసన, ఏదో తెలియని సబ్బు వాసన జెట్టీ పొడుగునా వ్యాపించేది. ఆ వాసన తెలిసిన ముసలివారు ఇద్దరో ముగ్గురో మిగిలారు. వారిని అడిగితే చెప్పరు, కళ్లు మూసుకుని ఒక్కసారి గట్టిగా గాలి పీలుస్తారు.

ఓడ వచ్చినప్పుడు దాని తాడు అందుకొని గుంజకు చుట్టే పని మైలపల్లి లచ్చన్నది. తొడ లావు తాడు. బిగువు మీద ఉండగా జారిందంటే మనిషి కాలు దక్కదు. అందుకని అతని భార్య అసిరమ్మ ప్రతి శుక్రవారం మధ్యాహ్నం మొగుడికి అంబలి తెచ్చినప్పుడు, గుంజకు ఇంత పసుపు రాసి బొట్టు పెట్టేది. "నా మొగుడి కాళ్లు నీ సేతిలో ఎట్టినాను, సూసుకో" అని గుంజతో గట్టిగానే చెప్పేది. బస్తాలు మోసేవారు పగలబడి నవ్వేవారు. లచ్చన్న సిగ్గుపడి సముద్రం వైపు తిరిగి అంబలి తాగేవాడు. అతని కాళ్లకు చివరిదాకా ఏమీ కాలేదు.

కొన్నాళ్లకు ఓడలు రావడం మానేశాయి. ఎందుకు మానేశాయో ఊరికి ఎవరూ చెప్పలేదు. తరువాత జ్వరం తగిలి లచ్చన్న పోయాడు. బొట్టు తీసేసిన చేతితో బొట్టు పెట్టకూడదన్నారు గనుక అసిరమ్మ గుంజ దగ్గరికి వెళ్లడం మానుకుంది. జెట్టీ పలకలు ఉప్పుగాలికి పుచ్చిపోయాయి. పుచ్చనివి రాత్రికి రాత్రే పొయ్యిల్లోకి చేరాయి. ఊరు తన జెట్టీని తానే వండుకు తిన్నది, ఈ మాట రాయడానికి చేయి రావడం లేదు గాని నిజం నిజమే.

దాని ఫలితం త్వరలోనే తెలిసింది. తెప్పలరేవు ఒడ్డున అలలు గోడల్లా లేచి విరుగుతాయి. జెట్టీ కొస మాత్రం ఆ అలలు విరిగే చోటు దాటి ఉంటుంది. ఓడలు లేకపోయినా, గాలివాన పట్టినప్పుడు వేట పడవలు అక్కడే గుంజకు తాడు వేసి ఆగేవి, మనుషులు ఇనుప మెట్లెక్కి నడిచి ఇంటికి వచ్చేవారు. నడవడానికి పలకలు లేకుండా పోయాక పడవలు అలల్లోంచే ఒడ్డుకు రావలసి వచ్చింది. ఒక్క ఏడాదిలో రెండు పడవలు బోల్తాపడ్డాయి. అయిదుగురు పోయారు. అసిరమ్మకు ఉన్నది ఒక్క కొడుకు, దానేసు. అతడు రోజూ వేటకు వెళ్లేవాడు.

అటువంటి రోజుల్లో జెట్టీ ఇనుమును వేలం వేస్తామని కబురు వచ్చింది. వేలం నాటి ఉదయం అధికారి, ఇనుము కొనేవారు, ఊరివారు ఒడ్డుకు చేరేసరికి జెట్టీ కొసన ఏదో పచ్చగా మెరుస్తోంది. ఒట్టి ఇనుప దూలాల మీద ఒక్కొక్క అడుగే వేసుకుంటూ వెళ్లి చూస్తే గుంజకు నిండుగా పసుపు, పైన ఎర్రటి బొట్టు. కొనేవారిలో ఒకడు చేతులు జోడించి వెనక్కి తగ్గాడు. వాడిని చూసి మిగతావారూ తగ్గారు. అమ్మవారిని తూకం వేసి కొనే ధైర్యం ఎవరికుంటుంది?

ఆ అధికారి మంచివాడే. "మీ అమ్మవారిని నేను కదపను. కానీ ఈ జెట్టీ కూలి ఎవరి మీదనైనా పడితే ఆ పాపం నాదే. దసరా లోగా బాగు చేసుకోండి. లేకపోతే పడగొట్టక తప్పదు" అని చెప్పి వెళ్లిపోయాడు.

ఊరు కదిలింది. ప్రతి పడవా శుక్రవారం నాటి వేటలో సగం జెట్టీకి ఇచ్చింది. చేపలు అమ్మే ఆడవారు గంపకు ఒక కుప్ప విడిగా పెట్టారు. జీడితోటల రైతులు బండ్ల మీద కలప పంపారు. ఇళ్ల వెనుక దాచుకున్న పాత పడవల పలకలు బయటికి వచ్చాయి. పడవ తల్లి వంటిదని, విరిగినా దాని పలకను పొయ్యిలో పెట్టరాదని మన గంగపుత్రుల నియమం. జెట్టీ పలకను తల్లి అనుకోకపోవడమే వారు చేసిన పొరపాటు. సగం జెట్టీ లేచి నిలబడింది.

అప్పుడు, ఒక శుక్రవారం చీకటితో గుంజకు మళ్లీ పసుపు రాస్తూ కంటపడేసరికి తెలిసింది, ఆ బొట్టు పెట్టింది అసిరమ్మ అని. కలలో తల్లి కనబడి ఆజ్ఞాపించిందని మరొకచోట రాశారు గాని అసిరమ్మ ఆ మాట ఎన్నడూ అనలేదు. అడిగినవారందరికీ ఒకటే చెప్పింది: "కొడుకు ఏటకెల్తన్నాడు. నానేటి సేత్తాను? నాకు తెలిసిన తల్లి ఆ గుంజే."

ఊరు బిక్కచచ్చిపోయింది. విధవ చేతి బొట్టు అశుభమన్నారు. ఇస్తున్న చేపలు ఆగిపోయాయి, పని ఆగిపోయింది. కులపెద్ద, చోడిపల్లి గురువులు అని అతని పేరు, గుంజను కడిగించి, ముత్తైదువులతో పసుపు కుంకుమలు పెట్టించాడు. సాయంత్రం పోటు జల్లుకు బొట్టు కాస్తా కారిపోయింది. మరుసటి శుక్రవారం మళ్లీ పెట్టారు, మళ్లీ పోయింది. నాలుగు శుక్రవారాలు అదే తంతు. తల్లికి కోపం వచ్చిందని ఊరు వణికింది. దసరా మాత్రం దగ్గర పడుతూనే ఉంది.

గురువులు చివరికి అసిరమ్మ గుమ్మంలోకి వచ్చాడు. లచ్చన్నతో పాటు బస్తాలు మోసినవాడే అతడూ. "వదినా, నీ బొట్టు వారం రోజులు నిలిసినాది. మావోలది పూట నిలవనేదు. ఏటి మంత్రమది?"

అసిరమ్మ ఏమీ చెప్పకుండా ఊరుకోగలిగేది. చెప్పకపోతే ఊరు ఆమె కాళ్లకే మొక్కేది. ఆమె లేచి చూరులోంచి మూత బిగించిన సీసా తీసి అతని ముందు పెట్టింది. "మంత్రం నేదు, మాయ నేదు. మీయన్న తాళ్లకి రాసిన సొరచేప నూనె. దీంతో కలిపితే ఉప్పునీళ్లకి పోదు. పట్టుకెల్లు. ఎవులి సేత ఎట్టించుకుంటావో ఎట్టించుకో. పలకలు మాత్తరం ఆపీకు, నీ కాళ్లు పట్టుకుంతాను."

గురువులు సీసా తీసుకుని బయలుదేరాడు. వీధి మలుపు దాకా వెళ్లి, ఏమనుకున్నాడో, వెనక్కి వచ్చి సీసాను మళ్లీ ఆమె ముందే పెట్టాడు.

ఆ శుక్రవారం ఉదయం ఊరంతా జెట్టీ మొదట నిలబడింది. ముత్తైదువుల చేతిలోని పళ్లెం గురువులు తీసుకుని, ఆడవారందరికీ వెనుకగా ఒదిగి నిలుచున్న అసిరమ్మకు అందించాడు. "మనమందరం దీన్ని ఒగ్గేసినాం. పలకలు పీకి పొయ్యిలో ఎట్టినాం. నువ్వొక్కర్తివే ఒగ్గనేదు. నువ్వే ఎట్టు వదినా." అసిరమ్మ పళ్లెం అందుకుంది. పదేళ్లుగా నలుగురిలో కుంకుమ తాకని చేతులవి. దూలాల మీదుగా కొసదాకా నడిచి, గుంజకు బొట్టు పెట్టి, దానిని వాటేసుకుని, లచ్చన్న పోయిననాడు కూడా ఏడవనంత గట్టిగా ఏడ్చింది. చూస్తున్న మగవారు కూడా ఏడ్చారని మా తాతగారు చెప్పేవారు, ఆయన కూడా వారిలో ఒకరు.

దసరాకు నాలుగు రోజుల ముందే చివరి పలక పడింది. కార్తీకంలో పట్టపగలే గాలివాన విరుచుకుపడింది. సముద్రం మీద పన్నెండు పడవలున్నాయి. పన్నెండూ జెట్టీ కొసకు వచ్చి గుంజకు తాళ్లు వేశాయి. మెట్లెక్కి మనుషులు ఒక్కొక్కరే పలకల మీద నడిచి వస్తుంటే అసిరమ్మ లెక్కపెట్టలేదు, ఒక్క ముఖం కోసమే చూసింది. దానేసు అందరికన్నా చివరను, తాళ్లన్నీ సరిచూసి మరీ వచ్చాడు. అచ్చం వాళ్ల అయ్య తీరు.

పొగ ఓడలు మళ్లీ రాలేదు. నేటికీ ప్రతి ఏటా దసరాకు ముందు ఇంటికొక పలక చొప్పున ఊరివారు జెట్టీని తుడిచి, నూనె పట్టించి, పుచ్చిన చోట మార్చుకుంటారు. ఆ తరువాతనే తల్లికి పండుగ. పెళ్లికి గాని, తొలి వేటకు గాని, దూరప్రయాణానికి గాని ముందు ఇక్కడికి వచ్చి మొక్కినవారు క్షేమంగా ఇల్లు చేరుతారని నమ్మకం. పసుపు కుంకుమలు భక్తులు తెచ్చుకోవచ్చు, నూనె ఇక్కడే ఇస్తారు.

ఒక్క నియమం మాత్రం తప్పక పాటించవలెను. గుంజమ్మ తల్లికి మొదటి బొట్టు భర్తను పోగొట్టుకున్న స్త్రీ చేతి మీదుగానే పెట్టాలి. ఆ తరువాతనే తక్కినవారు. కనుక శుభకార్యమని చెప్పి ఇంటి దగ్గర వదిలి వచ్చిన అమ్మో, అత్తో, అక్కో మీకు ఉంటే, తిరిగి వెళ్లి ఆమెను తీసుకురండి. ఆమె వచ్చేదాకా తల్లి ఎదురుచూస్తుంది.