చూరు కింద మూడో వాన

ఊ కొట్టేవాళ్లు దగ్గరికి జరగండి, నిద్రొచ్చేవాళ్లు గోడకి చేరగిలండి. ఈ కథ మన ఊరిది కాదు. ఓడెక్కితే తప్ప చేరలేని ఇంగ్లండు దేశంలో, అప్పటి రాజు పేరు కూడా జనం మరిచిపోయినంత వెనకటి కాలంలో జరిగింది. అక్కడ హేజెల్‌కోట్ అని ఒక ఊరు. ఆ ఊళ్లో మనుషులకంటే గొర్రెలెక్కువ, గొర్రెలకంటే మబ్బులెక్కువ. ఊరి నడుమ ఒక రాతి చర్చి.

చర్చి అంటే మీరు చూసే తెల్లటి సున్నపు చర్చి కాదు. గోడలు మూరలకొద్దీ మందం, కిటికీలు సన్నం. లోపల గోడల నిండా రంగుల బొమ్మలు. ఉత్తరపు గోడ మీద క్రిస్టఫర్ అనే పుణ్యపురుషుడు బాలయేసుని భుజానికెత్తుకుని ఏరు దాటుతుంటాడు. పొద్దున్నే ఆయన ముఖం చూస్తే ఆ రోజుకి చావు దగ్గరికి రాదని ఆ ఊరివాళ్ల నమ్మకం. పైకప్పు మాత్రం మన పూరిళ్లలాగే గడ్డి కప్పు. వాన పడితే నీళ్లు గడ్డి మీంచి జారి, చూరు అంచున ధార కట్టి, గోడ మొదట్లో పడేవి.

ఆ చర్చి ఊడ్చే ముసలామె పేరు ఆవిస్. నా అన్నవాళ్లు లేరు. చీపురు, గోపురం మెట్ల తాళంచెవి, ఒంటిమీద ఒక ఉన్ని శాలువా, అంతే ఆమె ఆస్తి. కానీ ఊళ్లో ఏ తల్లికి కడుపుకోత వచ్చినా ముందు ఆవిస్ గుమ్మమే తొక్కేది. ఎందుకో చెబుతాను.

ఆ రోజుల్లో పుట్టిన బిడ్డ తల మీద పాదిరిగారు మూడుసార్లు నీళ్లు పోసి, బాప్తిస్మం ఇచ్చి, పేరు పెట్టాలి. అందాకా బిడ్డకి పేరు లేదు. ఆలోగా పోయిన బిడ్డకి సమాధుల తోటలో చోటు లేదు. పరలోకంలోనూ లేదనేవాళ్లు. ఎవరు చూసొచ్చారో నాకు తెలియదు, అనేవాళ్లు. అలాంటి బిడ్డల్ని ఆవిస్ రెండు చేతులా అందుకుని, ఉత్తరపు గోడ పక్కన, సరిగ్గా చూరు కింద మట్టిలో పడుకోబెట్టేది. చర్చి కప్పుని తాకి వచ్చిన నీళ్లు ఉత్త వాననీళ్లు కావు కదా. మొదటి వాన మొదటి పోత. రెండో వాన రెండో పోత. మూడో వానలో తల్లి వచ్చి, ఆ ధార కింద నిలబడి, బిడ్డ పేరు పైకి చెప్పాలి. చెబితే బాప్తిస్మం అయినట్టే. పాదిరిగారు ఇదంతా చూసీ చూడనట్టు ఊరుకునేవాడు. మెత్తటి మనిషి, పైనున్న పెద్దలంటే హడల్.

దీనికొక గడువుంది. మూడు వానలూ, ఏటా చలికాలం ముందు పోయినవాళ్ల కోసం చేసే ఆత్మల పండుగ లోపల పడిపోవాలి. పడకపోతే ఆ బిడ్డ ఊరి బయట చిత్తడి నేలల్లో దారి తెలియక ఏడుస్తూ తిరుగుతుందట.

ఆవిస్ కూడా వయసులో ఉన్నప్పుడు తన మగబిడ్డని అక్కడే పెట్టుకుంది. ఆ మూడో వాన కోసం ఆకాశం వంక చూసిన రోజులు ఆమె ఒంట్లోంచి పోలేదు. ముసలితనంలోనూ మబ్బు పడితే చాలు, చీపురు వదిలి గుమ్మంలోకి వచ్చేది.

ఇదిలా ఉండగా, గొర్రెల కాపరి పెళ్లాం సిసిలీకి ఆడపిల్ల పుట్టి, పుట్టిన పూటే పోయింది. తొలి కాన్పు. ఆవిస్ ఆ పిల్లని చూరు కింద పెట్టింది. ఒక వాన పడింది. సిసిలీ వచ్చి, "అవ్వా, ఒకటయింది," అంది. ఇంకో వాన పడింది. సిసిలీ మళ్లీ వచ్చి, "అవ్వా, రెండయ్యాయి," అంది. పిల్లకి ఏం పేరు అనుకుందో కట్టుకున్నవాడికి కూడా చెప్పలేదు. మూడో వాన దాకా చెప్పకూడదు.

సరిగ్గా అప్పుడే ఉన్ని అమ్మి బాగా గడించిన షావుకారొకడికి పుణ్యం మీద మనసు పోయింది. చర్చికి కొత్త కప్పు వేయిస్తానన్నాడు. ఊరంతా సంబరపడింది. పట్నం నుంచి హమ్‌ఫ్రీ మేస్త్రీ అని పేరున్న పనివాడు దిగాడు. కుళ్లిన గడ్డి పీకించాడు. సీసపు రేకులు పరిపించాడు. కప్పు చుట్టూ పిట్టగోడ లేపి, దాని వెనకాల సీసపు కాలువ పెట్టాడు. కాలువలో నీళ్లు బయటికి పోవడానికి గోడల మీద రాతి తలలు చెక్కి నిలబెట్టాడు. ఒకటి సింహం. ఒకటి రెండు వేళ్లతో నోరు చీల్చుకుని వెక్కిరించే దయ్యం. ఉత్తరపు వైపున ఒక పంది. అన్నీ నోళ్లు తెరుచుకుని ఉంటాయి, ఆ నోళ్లలోంచి నీళ్లు కక్కుతాయి. పిల్లలు వాటిని చూసి జడుసుకునేవాళ్లు, పెద్దలు చూసి మురిసిపోయేవాళ్లు.

కొత్త కప్పు మీద తొలి వాన పడింది. ఊరంతా బయటికొచ్చి రాతి తలల్ని చూసింది. ఆవిస్ మాత్రం ఉత్తరపు గోడ దగ్గరికి పరిగెత్తింది. పంది నోట్లోంచి నీళ్లు ఎగిరి, ఎక్కడో అవతల కాలిబాట మీద పడుతున్నాయి. గోడ మొదట్లో నేల పొడిగా ఉంది. చూరే లేదు, ఇంక చూరు నీళ్లెక్కడివి?

సిసిలీ వచ్చింది. "అవ్వా, పడిందా?"

"పడుతుంది తల్లీ, పడుతుంది," అంది ఆవిస్.

పాదిరిగారి దగ్గరికి వెళ్లింది. ఆయన చేతులు నలుపుకున్నాడు. చూరు నీళ్ల సంగతి తను ఎరగనట్టే ఉండాలని, ఎరిగి ఉన్నట్టు పైవాళ్లకి తెలిస్తే ఉన్న బిడ్డల్ని కూడా తవ్వించేస్తారని బతిమాలాడు. ఆవిస్ లేచి హమ్‌ఫ్రీ మేస్త్రీ దగ్గరికి వెళ్లింది. అతను ఓపిగ్గానే చెప్పాడు. గోడకి కాళ్లు తడవకూడదట. తడిస్తే చెమ్మ పైకెక్కి లోపలున్న క్రిస్టఫర్ బొమ్మ పెచ్చులుగా ఊడిపోతుందట. తను వచ్చిందే ఆ నీళ్లని దూరంగా విసిరేయడానికట. అతను చెప్పింది నిజమే, అందులో తప్పు పట్టడానికేమీ లేదు.

సిసిలీ వచ్చింది. "అవ్వా, పడిందా?"

"పడుతుంది తల్లీ, పడుతుంది."

కొత్త కప్పు మీద రెండో వానకి ఆవిస్ చెక్క బొక్కెన తీసుకెళ్లి పంది నోటి కింద పట్టింది. నిండిన బొక్కెన తెచ్చి పిల్లని పెట్టిన చోట పోయబోయింది. సిసిలీ వచ్చి చెయ్యి పట్టుకుంది. మనిషి చేత్తో పోసిన నీళ్లు మనిషివే అవుతాయి, పైనుంచి తమంతట తాము రావాలని ఏడ్చింది. ఆవిస్‌కీ అదే అనిపిస్తోంది. బొక్కెన పక్కన ఒంపేసింది.

ఆ తర్వాత వానలే లేవు. ఆ ఊరికి అంత ఎండ ఎవరు పంపారో మరి, ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. ఆత్మల పండుగ దగ్గర పడుతోంది. సిసిలీ తిండి మానేసింది. రోజూ వచ్చి గోడ పక్కన కూర్చునేది, ఇప్పుడు ఏమీ అడగడం లేదు. అడగకపోవడమే ఆవిస్‌ని ఎక్కువ కాల్చింది. చూరు కింద పెడితే చాలని చెప్పింది తనే. ఆ మాట నమ్మే ఆ పిల్ల తల్లి ఎదురుచూస్తోంది.

పండుగ ముందు రోజు మధ్యాహ్నం పడమట మబ్బు లేచింది. లోపల ఊడుస్తున్న ఆవిస్ చీపురు కింద పడేసింది. రోజూ చూసే క్రిస్టఫర్ ముఖం ఆ రోజు చూడటానికి తీరలేదు. అందుకే అలా జరిగిందంటారు కొందరు. నేను అనను. తాళం తీసి, గోపురం మెట్లెక్కి, కప్పు మీదికి చేరి, శాలువా విప్పి పంది గొంతులో కుక్కింది. నీళ్లకి దారి లేకపోతే కాలువ నిండి, పిట్టగోడ మీంచి పొర్లి, గోడ మొదట్లో పడతాయి. అదీ ఆమె ఆలోచన.

వాన దిగింది. సన్న వాన కాదు, కుండపోత. కాలువలో నీళ్లు లేచాయి, జానెడు లేచాయి, ఇంకాస్త లేచాయి. అంతలో రాతి పంది ఒక్క ఉమ్ము ఉమ్మింది, శాలువా వెళ్లి కాలిబాట మీద పడింది.

ఇంక కుక్కడానికి చేతిలో ఏమీ లేదు. వాన ఎంతసేపుంటుందో తెలియదు. మళ్లీ పండుగలోపు రాదు. కింద సిసిలీ గోడకి అతుక్కుని నిలబడి ఉంది. ఆవిస్ కాలువలోకి దిగింది. పంది గొంతుకి వీపు ఆనించి, కాళ్లు చాపి, ఆ చన్నీళ్లలో కూర్చుంది. పోయడం కాదు కదా ఇది, ఊరికే కూర్చోవడం. నీళ్లు తమంతట తామే లేచాయి. నడుము దాకా వచ్చాయి. పిట్టగోడ అంచు దాటి, వెనకటి చూరు నీళ్లలాగే ధార కట్టి, గోడ మొదట్లో పడ్డాయి.

నీళ్లయితే పడ్డాయి. పేరు? ఆవిస్ చెవులు రిక్కించింది. వాన హోరులో ఏమీ వినబడలేదు. తొంగి చూద్దామంటే లేవాలి, లేస్తే నీళ్లు పందికి పోతాయి. సిసిలీ పేరు చెప్పిందో, నోరు రాక ఏడుస్తోందో, అసలు సొమ్మసిల్లి పడిపోయిందో తెలియదు. తెలియకుండా ఎలా లేస్తుంది? కూర్చుంది. పెదవులు నల్లబడ్డాయి, కూర్చుంది. కాళ్లు తిమ్మిరెక్కి ఉన్నాయో లేవో తెలియడం మానేసింది, కూర్చుంది.

సిసిలీ తొలి ధార నెత్తిన పడగానే పేరు చెప్పేసింది. చెప్పి, నేల మీద పడి, దేవుడే కరుణించాడని ఏడుస్తూ ఉండిపోయింది. పైన మనిషి ఉన్నట్టు ఆమెకి తెలియదు.

పంది నోట్లోంచి నీళ్లు రాకపోవడం చూసినవాడు హమ్‌ఫ్రీ మేస్త్రీ. తన పని పాడైందని మండిపడుతూ మెట్లెక్కి వచ్చాడు. వచ్చినవాడికి కాలువలో ముసలామె కనిపించింది.

"లే అవ్వా, చచ్చిపోతావు," అన్నాడు.

"పేరు చెప్పిందా నాయనా? కిందికెళ్లి అడిగిరా."

"ముందు నువ్వు లే."

"అడిగొస్తే లేస్తాను."

తిట్టడానికి వచ్చిన మనిషి ఆ మెట్లన్నీ దిగాడు. సిసిలీని అడిగాడు. మళ్లీ మెట్లన్నీ ఎక్కాడు.

"చెప్పిందట అవ్వా. ఎప్పుడో చెప్పిందట."

ఆవిస్ లేవబోయింది. ఒళ్లు సహకరించలేదు. హమ్‌ఫ్రీ ఆమెని భుజాన వేసుకుని కిందికి దింపాడు.

జ్వరం పట్టుకుంది. మూడు రోజులు ఉంది. సిసిలీ ఆమె కాళ్ల దగ్గర కూర్చుని కన్నీళ్లు పెట్టుకుంటూనే ఉంది. ఒకసారైనా తల పైకెత్తి చూడలేదే, ఇంకాస్త గట్టిగా చెప్పలేదే అని తలకొట్టుకుంది. మూడో రోజున ఆవిస్ కళ్లు తెరిచి, "ఇంతకీ ఏం పేరమ్మా?" అని అడిగింది. సిసిలీ వంగి ఆమె చెవిలో చెప్పింది. ఆవిస్ నవ్వింది. ఆ పేరేమిటో కథలో లేదు, ఎవరూ చెప్పరు. ఆ సాయంత్రమే ఆవిస్ పోయింది.

సమాధుల తోటలో దక్షిణం వైపు, ఎండ పడే మంచి చోటు ఇస్తామన్నాడు పాదిరిగారు. ఊరి ఆడవాళ్లు ఒప్పుకోలేదు. ఉత్తరపు గోడ పక్కన, పిల్లల దగ్గరే పెట్టారు. హమ్‌ఫ్రీ మేస్త్రీ పైకెక్కి, ఆవిస్ కూర్చున్న చోట పిట్టగోడని ఒక మనిషి పట్టేంత మేర తెగ్గొట్టాడు. కింద గోడ పాదానికి మాత్రం చెమ్మ అంటకుండా ఏటవాలు రాళ్లు పేర్చాడు. అడిగిన షావుకారుకి ఏం జవాబిచ్చాడో తెలియదు. రాతి పంది ఇప్పటికీ నోరు తెరుచుకునే ఉంది, దానికి చుక్క నీళ్లు అందవు.

హేజెల్‌కోట్‌లో ఇప్పటికీ వాన మొదలైతే, వాన వచ్చింది అనరు. "అవ్వ కూర్చుంది," అంటారు. పేరు పెట్టకముందే బిడ్డని పోగొట్టుకున్న తల్లిని ఇరుగుపొరుగు ఆడవాళ్లు నడిపించుకుని ఆ గోడ దగ్గరికి తీసుకెళ్తారు. ధార కింద నిలబెడతారు. ఆ తల్లికి గొంతు పెగలదు, తల వంచుకుని తనలో తను గొణుక్కుంటుంది. అప్పుడు పక్కనున్న పెద్దామె ఆమె గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తి చెబుతుంది.

"గట్టిగా చెప్పమ్మా. అవ్వకి వినబడాలి. వింటేనే లేస్తుంది."