సోయాచేని పసుపు బాపిన నేలతల్లి వ్రతకథ

అక్షతలు చేతబట్టి వినుడు. పెన్‌గంగ యొడ్డున తపమాచరించు మునులలో చిన్నవాడు పెద్దవానిని, నిండుగా ఎరువు వేసిన పైరు సైతము పాలిపోవుటకు కారణమేమని యడిగెను. పెద్దముని యిట్లు చెప్పదొడగెను.

ఆ యేటి దాపున నల్లరేగడి పల్లెలో ముత్తుబాయి, రాజుబాయి యను తోడికోడండ్రు గలరు. ఇరువురును గట్టుకు చెరొకవైపున సోయా విత్తిరి. చిన్నదగు రాజుబాయి చేను కారుపచ్చగా నెదిగెను. ముత్తుబాయి గట్టున నిలిచి తన చేను చూడక ఆ చేనే చూచెడిది. ఆమెకు అన్నము సయించదాయెను. రాజుబాయి నవ్వినను తన్ను చూచియే నవ్వెననుకొనెను. ఎట్లయినను మించవలెనని భర్తకు చెప్పక యూరియా చల్లెను. చాలదని మరల చల్లెను.

అంతట ఈనెలు మాత్రము పచ్చగా మిగిలి ఆకులన్నియు పసుపుబారెను. ఇంకను యూరియా చల్లగా అంచులు మాడెను. ముత్తుబాయి గట్టు దాటిపోయి, "నా చేనుకేం జేసినవే? నీ కండ్లే తాకినయ్!" అని తిట్టెను.

"నేనేం జెయ్యలే అక్కా. జర మన్ను జూడరాదు, మీద తెల్లగ ఉప్పు తేలింది" అని రాజుబాయి చెప్పినను వినదయ్యెను. ఆ యేడు గింజ యింటికి రాలేదు.

మరుసటి యేడు విత్తువేళ నొక ముత్తయిదువ వచ్చి దాహమడిగెను. నీరు త్రాగి, ఆ చేని మన్ను చేతబట్టి యిట్లనెను: "బిడ్డా, నీ చేనుకు ఆకలి లేదు, అజీర్తి వట్టింది. ఉప్పులు వేరుచుట్టు పేరుకుంటే ఇనుపసత్తువ ఆకుకెక్కది. నీళ్లు వోయే కాలువ తియ్యి. సాళ్ల నడుమ జొన్న చల్లు, ఎక్కువైన యూరియా మందును అది గుంజుకుంటది. అటెన్క జొన్న పీకెయ్యి. మన్ను పరీక్ష చెయ్యించందే గుప్పెడు మందు గూడ వొయ్యకు. గదే నా నోము."

అంతలోనే కానరాకపోయెను. నేలతల్లియని యెరిగి ముత్తుబాయి మ్రొక్కి యట్లే చేసెను. ఆకులు తేరుకొనెను. అయినను తోడికోడలి పైరు జానెడు మిన్నగా కనబడగానే మనసాగక, నోము తప్పి, చాటుగా మందు చల్లెను. చల్లినంత మేర మరల పసుపెక్కెను.

అప్పుడామె రాజుబాయి వాకిట నిలిచి, "చెల్లె, నీ చేను జూస్తే నా కడుపు మండుతది. అందుకే మందు వోసిన" అని యేడ్చెను. రాజుబాయి కొంగు నడుమున దోపెను. పిదప పార తీసికొని వెంట నడచెను. ఇరువురును కాలువ లోతుచేసిరి. వానకు ఉప్పులు కరిగి కొట్టుకొనిపోయెను, కొత్త చివుళ్ళు పచ్చగా వచ్చెను, కాయ నిండెను. ఆ యేటను రాజుబాయి పంటయే మిన్న. ముత్తుబాయికి కడుపు మండకపోలేదు. చేయి మాత్రము యూరియా బస్తాకు పోలేదు.

సోయా విత్తువారు, గట్టు పంచుకొన్నవారు, పొరుగుచేను చూచి నిద్రపట్టనివారు ఈ నోము నోచవలెను. అసూయ యెరుగనివారు నోచనక్కరలేదు. నోచినవారి ఆకు పచ్చగా, నేల చల్లగా, కాయ నిండుగా నుండును. చెప్పిన నోరు తడబడినను నోచిన చేయి తడబడరాదు. అక్షతలు మన్నుపై వేయుడు.