మూడు పదునుల కత్తి

ఏ దేశంలో అని అడక్కండి, ఎన్నేళ్ల కిందట అని అసలే అడక్కండి, ఒక రాజుగారు ఉండేవాడు. పేరు ధవళకేతుడు. ఆయనకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు జయకేతుడు, కత్తి తిప్పితే ఈగ కూడా దగ్గరికి రాదు. రెండోవాడు వీరకేతుడు, గుర్రం ఎక్కితే దిగమన్నా దిగడు. మూడోవాడు ఉదయకేతుడు. వాడికి కత్తీ రాదు, గుర్రమూ అంతంత మాత్రమే. వచ్చిందల్లా ఒక్కటే, "ఎందుకు?" అనడం. పాలు ఎందుకు పొంగుతాయి, పిల్లి ఎందుకు ముఖం కడుక్కుంటుంది, నాన్నగారి మీసం ఒకవైపే ఎందుకు తెల్లబడింది అని అడిగి అడిగి అందరి ప్రాణం తీసేవాడు. అంతఃపురంలో వాడికి ఎందుకయ్య అని పేరు పెట్టేశారు. ఆ పేరే ఖాయమైపోయింది.

ఇలా ఉండగా కంటకుడనే మాంత్రికుడు ఏడు వాగుల అవతల ఒక ఇనుపతుమ్మ చెట్టు నాటాడు. మిగతా కథల్లో ఏడు సముద్రాలుంటాయి, నాకు తెలుసు. మా కథలో ఏడు వాగులే. ఈత రాని రాకుమారుడికి అవే ఎక్కువ. ఆ చెట్టు గింజ రాలిన చోటల్లా ముళ్లపొద లేచింది. పొదలు చేలను కమ్మాయి, బాటలను కమ్మాయి, ఒక్కో వాగూ దాటి ఊరి మీదికి వస్తున్నాయి.

పెద్దవాడు బయల్దేరాడు. తిరిగి రాలేదు. రెండోవాడు బయల్దేరాడు. వాడూ తిరిగి రాలేదు. గుర్రాలు మాత్రం వచ్చాయి. వెక్కిరింపుగా కంటకుడు వాటి మెడల్లో విరిగిన కత్తిముక్కలు మూటకట్టి పంపాడు. రాణిగారు అన్నం మానేసింది. రాజుగారు సింహాసనం మీద కూర్చుని గడ్డం గీరుకుంటున్నాడు. అందరూ ఆ ముక్కలు చూసి ఏడిస్తే, ఎందుకయ్య వాటిని వెలుతురులోకి తీసుకెళ్లి అటూ ఇటూ తిప్పి చూశాడు. వాడికి దుఃఖం లేక కాదు. చిన్నప్పుడు పెద్దన్న భుజాలెక్కి ఊరంతా చూసినవాడు, రెండో అన్న పక్కలో తప్ప పడుకోనని మారాం చేసినవాడు. అన్నలు లేని ఇల్లు వాడికి ఇల్లులా లేదు. కానీ వాడి బుర్రలో పురుగు ఊరుకోదు కదా. ఇంత మంచి కత్తులు ఎందుకు విరిగాయి?

రాజవైద్యుణ్ణి అడిగాడు, తెలియదన్నాడు. సేనాపతిని అడిగాడు, ఖర్మ అన్నాడు. చివరికి ముక్కలు ఒళ్లో పోసుకుని ఊరి చివర కమ్మరి మౌనాచారి కొలిమికి వెళ్లాడు. మౌనాచారి పేరుకి తగ్గట్టు మాట్లాడడు. ఆయన కూతురు కామాక్షి ఇద్దరి మాటలూ తనే మాట్లాడుతుంది. సమ్మెట ఎత్తి కొడితే ఇనుము పెట్టే దాకలి కింద నేల అదురుతుంది.

"ఇవి మనుషుల్ని కొట్టే కత్తులు, దొరా," అంది కామాక్షి. "చెట్టుని కొడితే విరక్క ఏం చేస్తాయి? అడవికి పోయేవాడికి మచ్చుకత్తి కావాలి. వెన్ను మందంగా ఉండాలి, ముందువైపు బరువుండాలి. చెయ్యి సగం పని చేస్తే మిగతా సగం బరువే చేసుకోవాలి."

అదిగో, అప్పుడే ఒక వడ్రంగిపిట్ట వచ్చి కొలిమి గుంజ మీద వాలింది. దాని ముక్కు చివర వంకరపోయింది. ఇనుపతుమ్మని పొడిచి పొడిచి ఇలా అయింది, కాస్త సానరాయి మీద రుద్దిపెట్టమని బతిమాలింది. కామాక్షి రుద్దుతూ ఉంటే అది తను చూసినదంతా చెప్పింది. ఆ చెట్టు తొర్రలో ఒక చిలక ఉందట. కంటకుడి ప్రాణం అందులో ఉందట. ఎవరొచ్చినా చెట్టుకి మూడు దెబ్బలు వెయ్యొచ్చు. మూడింట్లో చెట్టు పడకపోతే వచ్చినవాడు ముళ్లపొద అయిపోతాడు, ఆ పొదని కంటకుడు దారిలో తనకి నచ్చిన చోట నాటేస్తాడు. పెద్ద రాకుమారులిద్దరూ అలాగే పొదలయ్యారట. దెబ్బకి ముందు చిలక ప్రతివాడికీ ఒకే మాట చెబుతుందట, పదును ఉంటేనే పడుతుంది అని.

"మా అన్నలు కత్తులకి నెల రోజులు పదును పెట్టించారే," అన్నాడు ఎందుకయ్య. "వెంట్రుక తెగేది."

అప్పుడు మౌనాచారి నోరు విప్పాడు. ఆయన నోరు విప్పడం ఏడాదిలో అది రెండోసారి.

"అంచు నూరితే వచ్చేది మీ పదును, బాబూ. నిప్పులోనూ నీళ్లలోనూ వచ్చేది మా పదును."

ఎందుకయ్యకి కళ్లు మెరిశాయి. ఒక మాటకి రెండు అర్థాలా? అయితే తన కత్తి తనే చేసుకుంటానన్నాడు. వాడు నిప్పుకి గాలి కొట్టే తిత్తి తొక్కితే కామాక్షి సమ్మెట వేసింది, మౌనాచారి పట్టకారుతో ఇనుము తిప్పాడు. అరిగిపోయిన నాగలి కర్రుని వెన్నుకి తీసుకున్నారు. అన్నల కత్తిముక్కల ఉక్కుని అంచుకి తీసుకున్నారు. కర్రుని చీల్చి, మధ్యలో ఉక్కు పెట్టి, తెల్లగా కాల్చి కొడితే రెండూ ఒకటైపోయాయి. ఎందుకు అతుక్కున్నాయని వాడు అడిగాడు. ఇద్దరూ ఒళ్లు మరిచి కాలారు కాబట్టి అంది కామాక్షి, చెమట తుడుచుకుంటూ. వాడు తిత్తి తొక్కడం మరిచిపోయి ఆమెనే చూస్తుంటే నిప్పు చల్లారిపోయింది. మౌనాచారి దగ్గాడు.

మొదటిసారి కత్తిని ఎర్రగా కాల్చి మొత్తం చన్నీళ్లలో ముంచారు. తుమ్మ మొద్దు మీద ఒక దెబ్బ వేస్తే గాజులా పగిలింది. మళ్లీ అతికి, మళ్లీ సాగగొట్టి, రెండోసారి తడిపీ తడపనట్టు తడిపారు. మొద్దు మీద వేస్తే అంచు అప్పడంలా మడత పడింది. మూడోసారి మౌనాచారి వాడి చెయ్యి పట్టుకుని అంచు మాత్రమే నీళ్లలో పెట్టించాడు, వెన్నుని వేడిగానే ఉంచాడు. అంచుని రాతి మీద రుద్ది చూడమన్నాడు. వెన్నులో వేడి మెల్లగా అంచుకి పాకుతుంటే మెరిసే ఇనుము మీద రంగులు నడిచాయి. ముందు ఎండుగడ్డి రంగు వచ్చింది. తర్వాత తేనె రంగు వచ్చింది. వంకాయ రంగు రాగానే ముంచమని కామాక్షి అరిచింది, వాడు ముంచాడు. ఆ కత్తితో మొద్దుని వంద దెబ్బలు కొట్టినా అంచు చెదరలేదు. ఇన్నాళ్లలో తన ప్రశ్నలకి జవాబు చెప్పిన మొదటి వస్తువు ఆ ఇనుమే అనిపించి వాడికి ఏడుపొచ్చినంత పనైంది.

బయల్దేరేటప్పుడు కామాక్షి ఒక్కటే చెప్పింది. అడవిలో ప్రతి పొదా పొద కాదు, కొన్ని మనుషులు, కొట్టేముందు అడుగు అని. అడగడం వాడికి ఒకరు నేర్పాలా?

వాగు తర్వాత వాగు దాటాడు. లోతుగా ఉన్న చోట మొద్దు నరికి తెప్ప చేసుకున్నాడు. దారికి అడ్డొచ్చిన ప్రతి పొద దగ్గరా కత్తి ఎత్తి, "అమ్మా, అయ్యా, నువ్వు పొదవా, మనిషివా?" అని అడిగాడు. ఉత్త పొదైతే పలకదు. మనిషైతే ఆకులు ముడుచుకుని వణుకుతుంది. వణికిన పొదని వదిలేసి చుట్టు తిరిగి పోయాడు. ఒక రోజు దారి తొమ్మిది రోజులైంది. ఒళ్లంతా ముళ్లు గీరుకుపోయాయి. వడ్రంగిపిట్ట ముందు ఎగురుతూ నవ్వుతూనే ఉంది.

ఏడో వాగు దాటాక ఇనుపతుమ్మ కనిపించింది. దాని కింద కంటకుడు కూర్చుని ముల్లుతో పళ్లు కుట్టుకుంటున్నాడు. మూడు దెబ్బలు, తర్వాత నా తోటలో నువ్వూ ఒక పొదవి అన్నాడు. తొర్రలోంచి చిలక, పదును ఉంటేనే పడుతుంది అంది.

ఎందుకయ్య మొదటి దెబ్బ వేశాడు. కత్తి జానెడు లోతు దిగింది, విరగలేదు. కంటకుడు మొదటిసారి లేచి నిలబడ్డాడు. కానీ చూస్తుండగానే గాయం మూసుకుపోయింది. రెండో దెబ్బ అంతకంటే లోతు దిగింది. అదీ మూసుకుపోయింది. వాడు కత్తి దించి కూర్చున్నాడు. ఇంకొక్క దెబ్బ తప్పితే అన్నల్లాగే తనూ ఒక పొద. అమ్మకి ఇక ముగ్గురూ లేనట్టే.

అలా కూర్చుంటే కాలి దగ్గర ఒక వానపాము ఎండి సుడులు తిరుగుతోంది. చుట్టూ ఏడు వాగులుండగా ఈ నేల ఎందుకు ఇలా రాయిలా ఉంది అనుకుంటూ వాడు తడి ఆకులో దాన్ని చుట్టి నీడలో పెట్టాడు. ప్రాణం కుదుటపడ్డాక వానపాము మాట్లాడింది.

"ఈ నేలకి పదును లేక చస్తున్నాను నాయనా. నేల బిగుసుకుని చెట్టుని పట్టుకుంది. ఆ పట్టు సడలనంతకాలం గాయం మూసుకుంటూనే ఉంటుంది."

ఎందుకయ్య గభాలున లేచాడు. రైతులు వాన పడ్డాక చేతిలో మట్టి పిసికి చూసి పదునైంది, నాగళ్లు కట్టండి అనడం వాడు ఎన్నిసార్లు వినలేదు? ఎందుకలా అంటారని వాళ్లనీ అడిగి తిట్లు తిన్నాడు కూడా. అంచు పదును అన్నలది, ఉక్కు పదును కమ్మరిది, నేలకి తగిన తడి అనే ఈ పదును రైతుది, మూడోది.

మచ్చుకత్తి తీసుకుని వాగు ఒడ్డున వెదుళ్లు నరికాడు. చీల్చాడు, కణుపులు తీశాడు, దోనెలు చేసి ఒకదానికొకటి ఆనించి వాగు నీళ్లు చెట్టు మొదలుకి మళ్లించాడు. వెదురు మీద వేసిన దెబ్బ చెట్టు మీద దెబ్బ కాదు కదా. కంటకుడు పొట్ట పట్టుకుని నవ్వాడు. నీళ్లు పెడితే చెట్టు బలుస్తుంది వెర్రివాడా, పెట్టుకో అన్నాడు. కంటకుడు జన్మలో నాగలి పట్టినవాడు కాదు. వాడికి తెలిసిన పదును అంచుది ఒక్కటే.

మొదటి రోజు నేల బురదైంది. ఎందుకయ్య తొందరపడలేదు. దోనె పక్కకి తీసి మర్నాడు మట్టి పిడికిట్లో పట్టి చూశాడు, వేళ్లకి అంటుకుంది. ఆ మర్నాడు పట్టి చూశాడు. ఉండ కట్టింది, వదిలితే పొడిపొడిగా రాలింది. వానపాము తల ఊపింది. వాడు మొదలు చుట్టూ మట్టిని చేతులతో లాగేస్తే అది అటుకుల్లా వచ్చేసింది, తొడంత తల్లివేరు బయటపడింది. వాడు రెండు చేతులా కత్తెత్తి ఆ వేరు మీద మూడో దెబ్బ వేశాడు. వేరు రెండైంది. గాయం మూసుకోలేదు. చెట్టు ఒకసారి ఊగి పక్కకి ఒరిగిపోయింది.

తొర్రలోంచి చిలక బయట పడింది. కంటకుడు దాని మీదికి దూకాడు. ఎందుకయ్య ముందే అందుకున్నాడు. మెడ నులమమని వడ్రంగిపిట్ట గోల పెట్టింది.

"నువ్వెందుకు వీడి ప్రాణం మోస్తున్నావు?" అని వాడు చిలకని అడిగాడు.

చిలకని ఇంతవరకు ఎవరూ ఆ మాట అడగలేదు. నేను మోయలేదు, నాలో పెట్టి తొర్ర మూసేశాడు, ఏడో వాగు దాటి ఎగిరితే చాలు ఆ బరువు రాలిపోతుంది అంది. ఎందుకయ్య పిడికిలి విప్పాడు. చిలక ఏడో వాగు దాటగానే కంటకుడు బూడిద కూడా మిగలకుండా పోయాడు.

పొదలన్నీ మనుషులై లేచారు. కట్టెలవాళ్లు, గొల్లలు, బాటసారులు వందలమంది లేచారు. రెండో అన్న పరుగెత్తుకొచ్చి కౌగిలించుకున్నాడు. పెద్దన్న మాత్రం కనబడలేదు. ఎందుకయ్య వాగు తర్వాత వాగు దాటుతూ వెనక్కి వెతుక్కుంటూ పోయాడు. మూడో వాగు ఒడ్డున, దారికి అడ్డంగా, జయకేతుడు నేల మీద కూర్చుని ఉన్నాడు. తమ్ముణ్ణి చూసి లేవలేకపోయాడు.

"నా మీద కత్తి ఎత్తి, మనిషివా అని అడిగావురా," అన్నాడు. "నేను వచ్చేటప్పుడు ఈ దారిలోనే ఎన్ని పొదలు నరికానో. ఒక్కదాన్నీ అడగలేదు."

తమ్ముడి మోకాళ్లు పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఎందుకయ్య కూడా ఏడ్చాడు. ఆ రోజుకి ఏమీ అడగలేదు.

ఇంటికి వచ్చాక రాణిగారు ముగ్గురికీ పక్కపక్కనే విస్తళ్లు వేసి, తానూ తిన్నది. జయకేతుడు కిరీటం వద్దని, తను పొదలనుకుని నరికిన మనుషుల ఇళ్లు వెతుక్కుంటూ ఊళ్లు పట్టి తిరిగాడు. ఎక్కడ మగదిక్కు లేదంటే అక్కడ నాగలి పట్టాడు. వీరకేతుడు గుర్రాలు చాలన్నాడు. అలా రాజ్యం ఎందుకయ్యకి వచ్చింది. కామాక్షిని పెళ్లాడతానని మౌనాచారిని అడిగితే, ఆయన ఆ ఏడాదిలో మూడోసారి నోరు విప్పి సరే అన్నాడు. కొలిమి కోట లోపలికి మార్చాలని కామాక్షి షరతు పెట్టింది. మార్చారు. ఆ ఇద్దరూ అరవై ఏళ్లు ఏలారు. ఆ అరవై ఏళ్లూ ఆ రాజ్యంలో ఎవరికి శిక్ష వెయ్యాలన్నా రాజుగారు ముందు వాడి మాట పూర్తిగా విని, ఆ తర్వాతే నోరు తెరిచేవాడు.

నాకు తెలిసింది ఇంతే. నిప్పు చల్లారింది, మీరూ లేచి చాపలు దులుపుకోండి.