పైడమ్మ అన్నం తిన్న సంగతి

రండి పిల్లలూ, ఇంకాస్త ముందుకు జరగండి. గుమ్మం దగ్గర నిలబడ్డవాళ్ళు కూడా వచ్చి కూర్చోండి, చాప మీద చోటుంది. సంచులు పక్కన పెట్టేయండి. మిమ్మల్ని తీసుకెళ్ళడానికి వచ్చిన పెద్దవాళ్ళు తొందరపెట్టకపోతే, వాళ్ళకు కూడా పనికొచ్చే మాట ఒకటి ఇందులో ఉంది.

మా గురువుగారు కూర్మనాథంగారు పలాస దగ్గర ఒక చిన్న ఊళ్ళో ఉండేవారు. కథలు రాసేవారు. రాయాలనుకునేవాళ్ళకు నేర్పేవారు. నేర్పడమంటే పాఠం చెప్పడం కాదు. ఎవరైనా ప్రశ్న అడిగితే భుజం మీద కండువా వేసుకుని "పద" అనేవారు. జవాబు ఎక్కడుందో అక్కడికి నడిపించుకుపోయేవారు. ఎండాకాలంలో ఈయన్ని ప్రశ్నలడక్కూడదురా, నడిపించి చంపుతారు అని మాలో మేము నవ్వుకునేవాళ్ళం. కానీ అంతటి మనిషి వాదించి ఒకరిని ఓడించడం నేను ఎన్నడూ చూడలేదు.

ఆయన శిష్యుల్లో దమయంతి అని ఒకమ్మాయి ఉండేది. పగలు అన్నగారి కుట్టు దుకాణంలో జాకెట్లు కుట్టేది, తెల్లవారుజామున లేచి కథలు రాసేది. ఒకనాడు కొత్త కథ పట్టుకుని వచ్చింది గానీ, కాగితాలు గురువుగారి చేతికివ్వలేదు.

"గురువుగారూ, నా కథలు చదివినవాళ్ళంతా బాగుందంటున్నారు. మా వదినను కూర ఎలా ఉందని అడిగినా అదే మాట, కథ ఎలా ఉందని అడిగినా అదే మాట. కిందటిసారి మీరూ అదే అన్నారు. వీటిలో ఏ మాటను నమ్మమంటారు?"

గురువుగారు పక్కనున్న పీట చూపించారు. ఆ అమ్మాయి కూర్చోలేదు.

"అన్నయ్య పక్క ఊళ్ళో ఇంకో దుకాణం తెరుస్తున్నాడు. అది పూర్తిగా నన్నే చూసుకోమంటున్నాడు. ఒప్పుకుంటే ఇక రాయడానికి తీరిక ఉండదు. రేపటికి మాట చెప్పాలి. మొహమాటానికి పొగిడించుకుంటూ ముసలిదాన్నయిపోయేకంటే నాలుగు జాకెట్లు కుట్టుకోవడమే నయం కదండీ?" అంది ఆ అమ్మాయి.

కూర్మనాథంగారు కండువా అందుకున్నారు. "ఆ కథ పట్టుకుని పద," అన్నారు. నేనూ వెంట నడిచాను.

ఆ ప్రాంతమంతా జీడిపప్పు పని. ఊరి చివర రేకుల షెడ్డులో ఆడవాళ్ళు వరసల్లో కూర్చుని, పప్పు మీది పొట్టును చిన్న చాకులతో గీకి తీస్తుంటారు. చేతులకే తప్ప నోటికి పని ఉండదు కాబట్టి అక్కడ పొద్దస్తమానం ఎవరో ఒకరు ఏదో ఒక కథ చెబుతూనే ఉంటారు. పురాణం కావచ్చు, చూసొచ్చిన సినిమా కావచ్చు, పక్కింటి తగాదా కావచ్చు. వినేవాళ్ళు మాత్రం తప్పకుండా ఊఁ కొట్టాలి. అది అక్కడి మర్యాద. ఊఁ పడకపోతే చెప్పేవాళ్ళు అర్థం చేసుకుని నోరు మూసుకుంటారు.

"ఈ అమ్మాయి తను రాసిన కథ చదువుతుందమ్మా, వింటారా?" అని అడిగారు గురువుగారు.

"సదవమనండి బాబూ, మా మేస్త్రీ తిట్ల కంటే బాగానే ఉంటాది గదా!" అంది దాలమ్మ అనే ఆవిడ. మేస్త్రీ కూడా నవ్వేశాడు.

దమయంతి చదవడం మొదలుపెట్టింది. పైడమ్మ అనే ఒక ఆడమనిషి కథ అది. అక్క చనిపోతే, పసిగుడ్డుగా ఉన్న అక్క కూతుర్ని తెచ్చి పెంచుతుంది. పిల్ల కాస్త పెద్దదయ్యాక, తండ్రి తరఫు నాయనమ్మ వచ్చి మా పిల్లను మాకిచ్చెయ్యమంటుంది. పైడమ్మ పిల్లకు తల దువ్వి, కొత్త గౌను తొడిగి, నవ్వుతూ బస్సెక్కించి ఇంటికి తిరిగొస్తుంది. వచ్చి, కాళ్ళూ చేతులూ కడుక్కుని, కంచం ముందు పెట్టుకుని, ఒట్టి పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ అన్నం తింటుంది. అంతే కథ. ఏడుపన్న మాటే లేదు అందులో.

మొదట్లో ఊఁలు జోరుగా పడ్డాయి. నాయనమ్మ గుమ్మంలోకి వచ్చేసరికి పలచబడ్డాయి. పిల్లకు తల దువ్వే చోట ఒక్క ఊఁ కూడా లేదు. దమయంతి తలెత్తే ధైర్యం లేక, గబగబా చివరిదాకా చదివేసి కాగితాలు మడిచింది. తలెత్తి ఉంటే చూసేది, చాకులు కూడా ఆగిపోయాయని.

ముందుగా దాలమ్మ అందుకుంది. "ఓలమ్మా, ఏటి మనిషే అది! గుంటని బస్సెక్కించేసి వొచ్చి కూడెలాగ తిందే? గొంతెలాగ దిగిందే దానికి?"

"తినక సస్తాదా?" అంది ఎదుటి వరసలోంచి ఆవిడ తోటికోడలు. "నీ కొడుకు పట్నం ఎల్లిననాడు నువ్వు పస్తు పడుకున్నావేటి? రెండుసార్లు పెట్టించుకున్నావు, నాను సూళ్ళేదా?"

"అది వేరు, ఇది వేరు!"

"ఏటి వేరు? పైడమ్మ ఏడిస్తే ఆ గుంట కదుల్తాదా? కదల్దు. అందుకే నవ్వుతా పంపింది. నీకు తెలీదులే, నువ్వూరుకో."

షెడ్డు రెండుగా చీలిపోయింది. కొందరు పైడమ్మది రాతిగుండె అన్నారు. కొందరు నాయనమ్మను దుమ్మెత్తిపోశారు. మేస్త్రీ "పన్లు, పన్లు!" అని అరిచి, అదే ఊపులో "అసలా గుంట అయ్య ఇన్నాళ్ళూ ఏ గంగలో ఉన్నాడంట?" అని తన మాటా కలిపాడు. ఆఖరికి దాలమ్మ దమయంతి వైపు తిరిగింది.

"మరి గుంటని సూడ్డానికి ఎప్పుడెల్లిందమ్మా?"

"కథ అక్కడితో అయిపోయిందండీ."

"అయిపోడవేటి! నువ్వడగలేదేటి దాన్ని?"

దమయంతి కాగితాలు పట్టుకుని లేచింది. గురువుగారు అందరికీ నమస్కారం పెట్టి బయటికి నడిచారు.

కొంత దూరం పోయాక ఆ అమ్మాయి కళ్ళు తుడుచుకుంది. "చూశారు కదండీ. ఊఁ కొట్టడమే మానేశారు. బాగుందని మాట వరసకైనా ఒక్కరనలేదు. చీవాట్లు పెట్టారు. రేపు అన్నయ్యకు సరేనని చెప్పేస్తాను."

గురువుగారు జవాబు చెప్పేలోపే వెనకనుంచి కేక వినిపించింది. "ఓలమ్మీ, ఆగు!"

ఎర్నమ్మ అనే ముసలావిడ. షెడ్డులో అంత రభస జరిగినా నోరు విప్పని మనిషి. రొప్పుకుంటూ వచ్చి, కొంగు చాటునుంచి ఒక ఆకుపొట్లం తీసి దమయంతి చేతిలో పెట్టింది.

"నెత్తళ్ళ సేపల యేపుడమ్మా. నా క్యారేజీలోది, ఎంగిలి కాదు. ఒట్టి పచ్చిమిరగాయి కొరుక్కుని తిన్నాదని సదివేవు కదా, పైడమ్మకిచ్చీ. దాలమ్మ మాటలేవీ మనసులో పెట్టుకోవద్దన్నానని సెప్పు." కొంగుతో మొహం తుడుచుకుంది. "నానూ ఒకపాలి అలాగే తిన్నాను."

అంతే, వెనుదిరిగింది. నాలుగడుగులు వేసి మళ్ళీ తిరిగి చూసి, "గుంటెలాగున్నాదో, మళ్ళొచ్చినప్పుడు కబురు సెప్పు," అంది.

దమయంతి ఆ పొట్లం పట్టుకుని దారి మధ్యలో నిలబడిపోయింది. "ఇదెలా తీసుకోనండీ? పైడమ్మ అనే మనిషి లేదు కదా! ఎక్కడా లేదు," అంది.

కూర్మనాథంగారు ముసలావిడ వెళ్ళినవైపు చేతులు జోడించారు. అటు నుంచి చూపు మరల్చకుండానే, "జాగ్రత్తగా పట్టుకో తల్లీ. అది పైడమ్మకు అందించడం నీవల్ల తప్ప ఇంకెవరివల్లా కాదు," అన్నారు.

అంతే పిల్లలూ. ఆ తర్వాత ఏమైందని నన్నడక్కండి. పొద్దు వాలింది, మీ ఇళ్ళల్లో పొయ్యిల మీద అన్నం ఉడికే ఉంటుంది. లేవండి, వెళ్ళి వేడిగా ఉండగానే తినండి.