దొంగ ఏడుపూ, నాటకాల డిగ్రీ

పెదగరువు పశువుల సంతలో సింహాద్రి అనే బేరగాడు ఉండేవాడు; దేన్నైనా చూడగానే ధర కట్టడం, ధర పలకనిదాన్ని దండగ అనడం అతని అలవాటు. ఎడ్ల విషయంలో అతని అంచనా తప్పేది కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. ఇంట్లో మాత్రం ఆ అలవాటు అతని కూతురు నూకరత్నానికి ముల్లులా గుచ్చుకునేది.

రత్నం విశాఖపట్నంలో రంగస్థల కళలు చదివి డిగ్రీ తెచ్చుకుంది. మూడేళ్ల ఫీజులూ, హాస్టలు ఖర్చూ కట్టింది సింహాద్రే. కట్టిన సంగతి ఊరంతా చెప్పుకుని మరీ బాధపడేవాడు. "ఆ డబ్బుతో రెండు పాడిగేదెలు వచ్చేవి. ఈ నాటకాల డిగ్రీ ఏ పూట పాలిస్తాది?" అనేవాడు. రత్నం పైకి నవ్వేసేది గానీ, లోపల నొచ్చుకునేది.

ఒక గురువారం ఆమె తండ్రి వెంట సంతకి వెళ్లింది. మనుషులు ఎలా నడుస్తారో, ఎలా మాట్లాడతారో గమనించడం ఆమె చదువులో నేర్చుకున్న పని. "సూసుకో, సూసినందుకు డబ్బులడగరు" అన్నాడు సింహాద్రి.

ఆ రోజు అతను ఎర్రునాయుడు అనే కౌలురైతు కోసం దుక్కిటెడ్ల జత కొనాలి. ఎర్రునాయుడు రెండేళ్లు కడుపు కట్టుకుని ఎనభై వేలు కూడబెట్టాడు. తప్పుడు జత కొంటే ఆ ఏడు అతనికి సాగు లేనట్టే. "నీ కంటి మీదే నా నమ్మకం అన్నా" అని పక్కనే నిలబడ్డాడు.

ఆ సంతకి ఎన్నడూ రాని ముసలాయన ఒకడు చక్కటి తెల్లజత తెచ్చాడు. సింహాద్రి పళ్లు చూశాడు, గిట్టలు చూశాడు, మూపురం తడిమి చూశాడు. వంక పెట్టడానికి లేదు. ఇక కాడి కట్టి బండి లాగించి చూడటమే మిగిలింది. కాడి తెమ్మనగానే ముసలాయన భోరుమన్నాడు.

"మా ముసల్ది ఆసుపత్రిలో ఉంది బాబూ. లేకపోతే కన్నబిడ్డల్లాంటి ఎడ్లని అమ్ముకుంటానా? నా కళ్ల ముందర వీటి మెడ మీద ఇంకొకడి కాడి ఎట్టకండి. సూడలేను."

సింహాద్రి మనసు కరిగింది. సరేలెమ్మని తన తువ్వాలు తీసి ఇద్దరి చేతుల మీదా కప్పాడు. ఆ సంతలో బేరం అలాగే సాగుతుంది. తువ్వాలు కింద ఒకరి వేళ్లు ఒకరు నొక్కుతూ ధర చెప్పుకుంటారు, పక్కవాడికి ఏమీ తెలియదు. చివరికి చెయ్యీ చెయ్యీ కలిపి బిగిస్తే బేరం ఖాయం. ఆ తరవాత మాట మార్చినవాణ్ణి సంతలో మళ్లీ ఎవరూ నమ్మరు.

రత్నం తండ్రి చెవి దగ్గరికి వంగింది. "చెయ్యి బిగించకు నాన్నా. ఆయన ఏడుపు నిజం కాదు."

"నీకేటి తెలుసు?"

"నిజంగా ఏడ్చేవాళ్లు ముఖం దాచుకుంటారు. ఈయన నలుగురూ ఎటుంటే అటు తిప్పుతున్నాడు. పైగా ముసలమ్మ మాటకి రాని కన్నీళ్లు కాడి మాటకి వస్తున్నాయి."

"ఇది నీ నాటకం కాదు, ఊరుకో" అని సింహాద్రి కసిరాడు.

రత్నం ఇక వాదించలేదు. ముసలాయన పక్కన చతికిలబడి, ఆయనకి రెండింతల గొంతుతో ఏడుపు అందుకుంది. సంతలో సగంమంది బేరాలు వదిలేసి వచ్చి చుట్టూ మూగారు.

"తాతా, నీ కష్టం వింటే గుండె తరుక్కుపోతోంది. బిడ్డల్లాంటి ఎడ్లని అమ్ముకోవద్దు. నీకు కావలసిన డబ్బు మా నాన్న చేబదులు ఇస్తాడు. పంట వచ్చాక తీర్చు. ఎడ్లని తోలుకుని ఇంటికి వెళ్లిపో."

చుట్టూ ఉన్నవాళ్లు ఔనౌనన్నారు. ఒక ఆడమనిషి తన కొంగుముడి కూడా విప్పబోయింది. ముసలాయన కళ్లు చటుక్కున ఆరిపోయాయి.

"అప్పొద్దమ్మా. ఎడ్లే తీసుకోండి. కావలిస్తే ఐదువేలు తగ్గిస్తాను" అన్నాడు.

"ఉంచుకోమంటే ఎందుకొద్దంటావు తాతా?"

"పదివేలు తగ్గిస్తాను. ఈ గుంటని లెగమనండి బాబూ."

సింహాద్రి తువ్వాలు కిందనుంచి చెయ్యి లాగేసుకున్నాడు. కాడి తెప్పించి కట్టించాడు. మెడ మీద కాడి పడిందో లేదో, ఒక ఎద్దు నాలుగు కాళ్లూ మడిచి తీరుబడిగా కూలబడింది. తోక మెలిపెట్టినా లేవలేదు. సంతంతా గొల్లుమంది.

ముసలాయన నెమ్మదిగా పలుపు చేతికి చుట్టుకున్నాడు. "బాగా సేసావమ్మా. ఎక్కడ నేర్చుకున్నావు?" అని అడిగాడు.

"విశాఖలో, డిగ్రీ చదివాను. నువ్వో?"

"నాకు డిగ్రీ ఏటీ లేదు తల్లీ. సర్వీసే" అని ఎడ్లని తోలుకుని చక్కాపోయాడు.

సింహాద్రికి సిగ్గేసింది. చెయ్యి బిగించేసి ఉంటే ఎర్రునాయుడికి ముఖం ఎలా చూపించేవాడు? ఆ మధ్యాహ్నం ఇంకో జతని బండికి కట్టి, రెండు ఫర్లాంగులు లాగించి మరీ కొన్నాడు. ఎర్రునాయుడు కొత్త ఎడ్లకి కుంకుమ పెట్టి, అదే చేత్తో రత్నం నుదుటా పెట్టాడు.

మరుసటి గురువారం సంత బేరగాళ్లంతా రత్నం చుట్టూ చేరారు. అబద్ధపు ఏడుపునీ, అబద్ధపు కోపాన్నీ పోల్చుకోవడం తమకీ నేర్పమన్నారు. మనిషికి ఐదువందలు ఫీజు అని రత్నం చెప్పింది. అందరికంటే ముందు సింహాద్రే వచ్చి చాప మీద కూర్చున్నాడు.

"కన్నతండ్రిని. నాకు తగ్గించవా అమ్మలూ?"

"తగ్గిస్తే నీ కూతుర్ని ఎలా అవుతాను నాన్నా?"

సింహాద్రి పగలబడి నవ్వి, ఐదువందలూ లెక్కపెట్టి కూతురి చేతిలో పెట్టాడు.

మనసుపెట్టి నేర్చుకున్న ఏ విద్యా దండగ కాదు. అక్కర పడిన రోజున దాని ధర అదే చెబుతుంది, అందాకా దాన్ని తక్కువచేసి మాట్లాడకూడదు.