ఏడుబోడులు ఎక్కిన గవరయ్య

ఆ అడవిలో గవరయ్య అనే నక్కకి ఉన్న పేరు పులికి కూడా లేదు. పులి వేటాడితే ఆ పూటకి చెప్పుకుని ఊరుకునేవాళ్ళు. గవరయ్య ఏడుబోడులు ఎక్కి దిగిన సంగతి మాత్రం మూడేళ్ళుగా చెప్పుకుంటూనే ఉన్నారు. అందరికంటే ఎక్కువగా చెప్పుకున్నది గవరయ్యే.

ఏడుబోడులంటే అడవికి పడమటి వైపు వరసగా నిలబడ్డ ఏడు బోడి శిఖరాలు. వాటి నెత్తిన చెట్టూ చేమా ఉండదు, రాళ్ళూ గడ్డీ తప్ప. ఒక శిఖరం నుంచి ఇంకో శిఖరానికి కొండ వెన్ను మీదుగానే నడవాలి. అటు చూస్తే లోయ, ఇటు చూస్తే లోయ. చలికాలం వస్తే పట్నం మనుషులు కొందరు వీపులకి పెద్ద పెద్ద బ్యాగులు తగిలించుకుని, చేతికర్రలు పొడుచుకుంటూ, వెనక ఎవరూ తరమకుండానే ఆ కొండలెక్కేవాళ్ళు. దాన్ని ట్రెక్కింగ్ అంటారట. వాళ్ళలో ఎవరో పట్టీ చిరిగిందని పారేసిన నీలం బ్యాగు ఒకటి గవరయ్యకి దొరికింది. అది దొరికిన రోజే అతనికి కొండలెక్కాలన్న కోరిక పుట్టింది.

ఎక్కాడు కూడా, మొదటి బోడి సగం దాకా. అక్కడ ఆయాసం వచ్చింది. పక్కన ఒక గుహ, గుహ ముందు మడుగు, మడుగు నిండా పీతలు కనిపించాయి. నాలుగు రోజులు పీతలు తిని నిద్రపోయాడు. అయిదో రోజు ఒంటికి ఎర్రమట్టి పూసుకుని, ఒక కాలు కుంటుకుంటూ కిందికి దిగాడు.

"ఏడూ ఎక్కేశావా మావా?" అంది బుల్లెమ్మ అనే కుందేలు, కళ్ళింత చేసుకుని.

"ఎక్కకపోతే ఈ మట్టి ఎక్కడిదే? నాలుగో బోడి దాటాక గుర్రపుమెడ అని ఒక చోటుంది. మూరెడు వెడల్పు. కళ్ళు మూసుకుని నడిచేశా."

"కళ్ళెందుకు మూసుకున్నావు?"

"దుమ్ము పడుతోంది మరి!"

"ఆ బ్యాగు మోసుకునే?"

"ఇదొక బరువా? వీపు మీద నిండా బరువుంటేనే గాని నాకు నడిచినట్టుండదు."

అంతటితో ఆపినా సరిపోయేది. కథ చివర నీళ్ళుంటే బాగుంటుందని, ఏడో బోడి అవతల ఎండాకాలంలో కూడా ఆగని నీటి ఊట ఒకటుందని కూడా చెప్పాడు.

ఏడాది హాయిగా గడిచింది. ఎవరింట పంచాయితీ జరిగినా గవరయ్యకి నీడలో చోటు, ఎవరికి పళ్ళు దొరికినా గవరయ్యకి గుప్పెడు. తర్వాత వరసగా రెండేళ్ళు వానలు లేవు. వాగు ఎండి ఇసకైపోయింది. ఇసక తవ్వితే వచ్చే నీళ్ళు కూడా రోజురోజుకీ తగ్గుతుంటే, అడవికి పెద్ద అయిన భూలోకం అనే ఎలుగుబంటి అందర్నీ పిలిచాడు.

"ఏం చేద్దామో చెప్పండి. నాకైతే ఏమీ తోచటం లేదు" అన్నాడు.

వెనక వరసలోంచి అచ్చియ్యమ్మ అనే కొండగొర్రె ముందుకొచ్చింది. బక్కపల్చటి ప్రాణి. మొదటి బోడి వాలులో ఒంటరిగా ఉండేది, ఎవరితోనూ ఎక్కువ మాట్లాడేది కాదు.

"ఏడో బోడి అవతల ఊట ఉంది పెద్దయ్యా. చిన్నప్పుడు మా అమ్మతో వెళ్ళి తాగాను. మూడు రోజుల నడక."

భూలోకం ఆమెను కిందనుంచి మీదకి చూశాడు. "నువ్వా? గట్టిగా తుమ్మితే ఎగిరిపోయేలా ఉన్నావు, నువ్వు ఏడుబోడులెక్కావా?"

అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా గవరయ్య నవ్వాడు.

అచ్చియ్యమ్మ ఒక్క క్షణం తల వంచుకుంది. మళ్ళీ ఎత్తినప్పుడు ఆమె మొహం ఎంతో అమాయకంగా ఉంది. "నిజమే పెద్దయ్యా, పసితనంలో ఏం చూశానో ఏమో. నా మాటెందుకు? గవరయ్యన్న కళ్ళారా చూసొచ్చాడుగా. ఆయన్నే అడగండి."

అన్ని తలలూ అతని వైపు తిరిగాయి. గవరయ్య నవ్వు సగంలో ఆగింది.

"ఊట... ఉండటం ఉంది. కానీ దారి మంచిది కాదు పెద్దయ్యా. పిల్లలున్నారు, ముసలాళ్ళున్నారు..."

"అందుకే అన్న ముందు నడవాలి" అంది అచ్చియ్యమ్మ. "దారి తెలిసినవాడు ముందుంటే పిల్లలైనా నడుస్తారు."

"నా కాలు కూడా ఈమధ్య..."

"ఆ కాలితోనే కదా అన్నా క్రితంసారి దిగొచ్చావు!"

"మా గవరయ్య మావ ఉండగా నాకేం భయం?" అని బుల్లెమ్మ తన రెండు పిల్లల్నీ ముందుకు తోసింది. వెనక అరవై గొంతులు అదే మాట అందుకున్నాయి. ఇప్పుడు కాదంటే మూడేళ్ళ గొప్ప ఒక్క పూటలో మట్టి కొట్టుకుపోతుంది. గవరయ్య ఆలోచించాడు. మొదటి రోజే అందరూ అలిసిపోతారు, వెనక్కి వెళదామంటారు, తను బలవంతం మీద ఒప్పుకుంటాడు. అంతే కదా!

"సరే, పదండి" అన్నాడు, మనసులో ఊపిరి పీల్చుకుంటూ.

ముసలివాళ్ళు మాత్రం, నీళ్ళు దొరికితే మెల్లగా నడిచొస్తాం, కబురు చెయ్యమని వాగు ఇసకలోనే ఉండిపోయారు. మిగిలినవాళ్ళు తెల్లవారేసరికి బయల్దేరారు. దారిలో తాగడానికి ఎండు ఆనపబుర్రల్లో నీళ్ళు నింపారు. వాటినెవరు మొయ్యాలా అని భూలోకం అటూ ఇటూ చూస్తుంటే, అచ్చియ్యమ్మ మెల్లగా అంది. "అన్న దగ్గర బ్యాగుంది. పైగా బరువు లేకపోతే ఆయనకి నడిచినట్టుండదట."

పది బుర్రలు బ్యాగులోకి ఎక్కాయి. గవరయ్య కాళ్ళు నాలుగు వైపులా జరిగాయి.

మొదటి బోడి ఎక్కేసరికి అతని నాలుక నేల తాకుతోంది. వెనక్కి తిరిగి, "ఏం, అలిసిపోయారా? పాపం పిల్లలు... పోనీ..." అన్నాడు ఆశగా.

"లేదు మావా!" అంది బుల్లెమ్మ. "నువ్వు అంత బరువు మోస్తుంటే మాకు అలిశామని చెప్పడానికి సిగ్గుగా ఉంది."

రెండో బోడి దగ్గర భూలోకం కాళ్ళు నొప్పులన్నాడు గాని, గవరయ్యని చూసి లేచి నడిచాడు. మూడో బోడి దగ్గర గవరయ్యే కూలబడ్డాడు. అతను దారి వాసన పట్టడానికి కూర్చున్నాడనుకుని అందరూ నోళ్ళు మూసుకుని నిలబడ్డారు. ఆ నిశ్శబ్దం భరించలేక లేచాడు.

రెండో రోజు మధ్యాహ్నానికి, పట్నం మనుషుల మాటల్లో అతను పేరు మాత్రమే విన్న గుర్రపుమెడ వచ్చింది. తను అల్లిన కథలో అది మూరెడు వెడల్పుండేది. నిజానికి జానెడే. రెండు వైపులా పొగమంచు సుడులు తిరుగుతోంది, గాలి చెవుల్ని వెనక్కి మడిచేస్తోంది. గవరయ్య అడుగు ముందుకి వెయ్యలేదు. అచ్చియ్యమ్మ పక్కకొచ్చి, దారి గురించి అడుగుతున్నట్టు మొహం పెట్టింది.

"గుహ దగ్గర పీతలు బాగున్నాయా అన్నా?" అంది, అతనికి మాత్రమే వినబడేలా.

గవరయ్యకి లోయ తిరిగినట్టయింది. "నువ్వు... చూశావా?"

"మా ఇంటి ముందే కదా ఆ మడుగు. నాలుగు రోజులు నీ గురకకి నాకు నిద్ర లేదు."

"మరి అందరి ముందూ ఎందుకు చెప్పలేదు? ఎందుకు నన్నిలా చంపుతున్నావు?"

"నేను నిజం చెబితే నవ్వారు. నువ్వు అబద్ధం చెబితే కదిలారు. వాళ్ళకి నీళ్ళు కావాలి, నాకు వాళ్ళు కదలటం కావాలి. ఇప్పుడు చెబితే ఇక్కడే కూలబడతారు. ఆ పిల్లలు వెనక్కి కూడా వెళ్ళలేరు." ఆమె గొంతు కొంచెం మెత్తబడింది. "కిందికి చూడకు. పొట్ట నేలకానించి జరుగు. నా డెక్కలు నీ తోక వెనకే ఉంటాయి. దారి నేను చెబుతాను, నువ్వు నడువు."

గవరయ్య వెనక్కి చూశాడు. బుల్లెమ్మ పిల్లలు రెండూ అతన్నే చూస్తున్నాయి. ఆ చూపు అతనికి మూడేళ్ళుగా అలవాటే. మొదటిసారి అది బ్యాగు కంటే బరువుగా అనిపించింది.

పొట్ట మీద పాకుతూ దాటాడు. ఒకచోట రాయి ఊడి కింద పడింది. అది ఎక్కడో అడుగున తగిలిన చప్పుడు వినపడేదాకా అందరూ బిగుసుకుపోయారు. అచ్చియ్యమ్మ వెనకనుంచి "కొంచెం ఎడమకి... ఆ, అదీ" అని గొణుగుతూనే ఉంది. అవతలికి చేరాక గవరయ్య వెనక్కి తిరిగి గట్టిగా అరిచాడు. "నేను పాకినట్టే పాకండి!"

"చూశారా?" అన్నాడు భూలోకం మిగతావాళ్ళతో. "మనకి నేర్పించడానికి ఎంత కష్టపడి పాకాడో! లేకపోతే ఆయన కళ్ళు మూసుకుని నడిచేవాడే."

అయిదో బోడి మీదకి చేరేసరికి మంచు విడిపోయింది. కొండల వెనక కొండలు, నీలంగా, ఇంకా నీలంగా, చివరికి ఆకాశమో కొండో తెలియకుండా. కిందెక్కడో ఒక డేగ ఎగురుతోంది. డేగ వీపు చూడటం గవరయ్యకి అదే మొదలు. "అబ్బ!" అనబోయి ఠక్కున పళ్ళు బిగించాడు. ఇంతకు ముందే చూసినవాడు నోరు తెరుచుకుని నిలబడకూడదు కదా. పక్కన బుల్లెమ్మ ఎగిరి గంతులేస్తుంటే, అతను మాత్రం, "ఆ, ఇలాగే ఉంటుంది" అని ముందుకు నడిచాడు. నడుస్తూ దొంగచాటుగా రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు.

మూడో రోజు ఏడో బోడి దిగుతుంటే బుర్రలు ఖాళీ అయిపోయాయి. బుల్లెమ్మ చిన్నపిల్ల కాళ్ళు మడిచేసి నేల మీద పడిపోయింది. ఎవరూ అడగలేదు. గవరయ్య ఆగి, ఖాళీ బుర్రలు పారేసి, ఆ పిల్లని బ్యాగులో కూర్చోబెట్టుకున్నాడు. అరికాళ్ళు పగిలి అడుగడుక్కీ నెత్తుటి మరక పడుతోంది. ఈసారి కుంటుతుంటే నిజంగానే నొప్పిగా ఉంది.

ఊట ఉంది. రాతి పగులులోంచి పిడికిలంత ధార, చుట్టూ పచ్చగడ్డి, కింద లోతైన గుంట. అందరూ ఒక్కసారి మీద పడ్డారు. ఎవరూ ఏడ్చినట్టు ఒప్పుకోలేదు గాని, చాలామంది మొహాలు నీళ్ళలోంచి ఎత్తాక కూడా చాలాసేపు తడిగానే ఉన్నాయి. గవరయ్య అందరూ తాగాక తాగాడు.

అక్కడే మేస్తున్న ముసలి కణితి దుప్పి ఒకటి వీళ్ళని వింతగా చూసి దగ్గరికొచ్చింది. "ఏడుబోడుల మీదుగా వచ్చారా? పిల్లలతోనా? ఎవరయ్యా మిమ్మల్ని నడిపించింది?"

"ఇదిగో, మా గవరయ్య!" అన్నాడు భూలోకం.

కణితి గవరయ్య పగిలిన పాదాల్ని చూసింది, వీపు మీద ఒరిసిన బ్యాగు పట్టీ మచ్చల్ని చూసింది. దాని కళ్ళలో నిజమైన గౌరవం కనిపించింది. "గొప్ప పనే చేశావయ్యా. ఇదే మొదటిసారా ఎక్కడం?"

గవరయ్య తల ఎత్తాడు. తన బతుకులో అబద్ధం లేకుండా చెప్పుకోదగ్గ గొప్ప ఇదొక్కటే. నోరు తెరిచాడు.

"మొదటిసారేంటి తాతా!" అంది బుల్లెమ్మ, అతని కంటే ముందే. "మూడేళ్ళ కిందటే ఎక్కాడు. ఒక్కడే!"

"ఓహో, అలవాటైన దారేనన్నమాట" అని కణితి తల తిప్పుకుని గడ్డి మేయడంలో పడింది.

గవరయ్య తెరిచిన నోరు మూసుకున్నాడు. అచ్చియ్యమ్మ నీళ్ళలోంచి మూతి ఎత్తలేదు. చెవి మాత్రం ఒకసారి కదిపింది.

"అన్నట్టు గవరయ్యా," అన్నాడు భూలోకం, పచ్చగడ్డి మీద హాయిగా వెల్లకిలా పడుకుంటూ, "రేపు పొద్దున్నే బయల్దేరు. ఇసకలో ఉండిపోయిన ముసలివాళ్ళని తీసుకురావాలి. మేమెవరమైనా వెళ్ళేవాళ్ళమే గాని, మాకు కొత్త. నీకేముంది?"

గవరయ్య పగిలిన పాదాలు నాక్కుంటూ కూర్చున్నాడు. అచ్చియ్యమ్మ వచ్చి పక్కన కూర్చుని, "తోడుగా నేనొస్తాలే అన్నా" అంది.

చెయ్యని పనికి పొగడ్త ముందే పుచ్చుకున్నవాడికి, ఆ పని నిజంగా చేసిన రోజున మిగిలేది పనే.